‘బోర్డు పోయింది’ అనే ముందు

సభాధ్యక్షులకు, ఈ శిక్షణను ఓపికగా నడిపించిన అధ్యాపకులకు, శ్రీకాకుళం పట్టణం నుంచే కాక టెక్కలి, పలాస, రాజాం వైపుల నుంచి బస్సుల్లో వచ్చి నేర్చుకున్న విద్యార్థులకు నమస్కారాలు. కంప్యూటర్ మరమ్మతు వృత్తి భవిష్యత్తు గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. అందుకు నాకంటే తగినవారు వేదిక మీదే ఉన్నారు కనుక, రేపు మీ బల్ల మీదికి తప్పక వచ్చే ఒక్క ఫిర్యాదు గురించి చెబుతాను: ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) మార్చాం, కంప్యూటర్ లేవడం లేదు.

ఈ మాట వినగానే మన దగ్గర వెలువడే తీర్పు ‘బోర్డు పోయింది’ అని, అంటే భాగాలన్నీ అమరే మదర్‌బోర్డు పాడైందని. ఆ తీర్పు ఎంత త్వరగా వస్తుందో అంత తరచుగా తప్పవుతుంది. చెయ్యి పెట్టింది ఎస్ఎంపీఎస్ మీద అయినప్పుడు, ముందుగా ఆ చెయ్యి తాకిన చోట్లనే వెతకాలి. బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టర్ గడియ పడేదాకా దిగిందా? పెంటియం 4 కాలం నుంచి ప్రాసెసర్‌కు 12 వోల్టులు వేరే కనెక్టర్ ద్వారా అందుతున్నాయి. 4 పిన్నులదో, 8 పిన్నులదో అయిన ఆ కనెక్టర్ బోర్డు మూలన, ఫ్యాను కింద దాగి ఉండడం వల్ల దాన్ని మరిచిపోతారు, అప్పుడు ఫ్యానులన్నీ తిరుగుతాయి గాని తెర మీద ఏమీ రాదు. గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే 8 పిన్నుల తీగ చూడటానికి అలాగే ఉన్నా, అందులో 12 వోల్టులు, గ్రౌండు వరుసలు తారుమారుగా ఉంటాయి కనుక దాన్ని అక్కడ బలవంతంగా దూర్చకూడదు. అసలు కదలికే లేకపోతే, ప్లగ్గు పెట్టి వెనుక స్విచ్ వేసి ఊదారంగు తీగకూ నల్లతీగకూ మధ్య వోల్టులు కొలిచే మీటరు పెట్టండి. కంప్యూటర్ ఆపి ఉన్నా అక్కడ 5 వోల్టులు ఉండాలి. అవి లేకపోతే ముందుగా ఎస్ఎంపీఎస్‌నే అనుమానించాలి. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత ఛార్జి నిలిచి ఉండవచ్చు.

ర్యామ్ గురించి, బయాస్ బ్యాటరీ గురించి కూడా చెప్పాలనుకున్నాను. అవి మీ పాఠాల్లో ఉన్నాయి. పాఠాల్లో లేనిది చెబుతాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలు కూలిపోయిన సంగతి మీ ఇళ్లలో అందరికీ తెలుసు. కరెంటు తిరిగి వచ్చాక కాలిపోయిన ఎస్ఎంపీఎస్‌లు వరసగా వచ్చాయి. వాటిలో ఒకటి ఆ వైపు పల్లెలో ఉంటున్న విశ్రాంత తెలుగు మాస్టారిది. ఊళ్లు తిరిగి ముసలమ్మల చేత ఊడుపు పాటలు, తప్పెటగుళ్ల కళాకారుల చేత కథాగానాలు పాడించి ఆయన తన కంప్యూటర్‌లో దాచుకున్నారు. మొదట ఆయన వెళ్లిన దుకాణంలో వేరే కంపెనీ ఎస్ఎంపీఎస్ బిగించారు. అది తీగలను విడిగా తగిలించుకునే మాడ్యులర్ రకం. పాత తీగలు క్యాబినెట్‌లో చక్కగా కట్టి ఉన్నాయని వాటినే కొత్తదానికి తగిలించారు. స్విచ్ నొక్కితే ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోయింది. బోర్డు పోయిందన్నారు, కొత్త కంప్యూటర్ అంటగట్టారు, పాటలున్న పాత హార్డ్ డిస్క్‌ను తుక్కులో వేశారు.

మాస్టారు డిస్క్ లేని ఆ పాత పెట్టెను నా దగ్గరికి తెచ్చి, ‘బాబూ, పాటలు ఈ బోర్డులో ఏమైనా మిగిలుంటాయా?’ అని అడిగారు. బోర్డు శుభ్రంగా పనిచేసింది. డిస్క్‌కు వెళ్లే తీగకు మీటరు పెడితే, 5 వోల్టులు రావలసిన చోట 12 వచ్చాయి. తీగ డిస్క్ వైపు కొస అన్ని కంపెనీలకూ ఒకటే. ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరుసకు మాత్రం ఉమ్మడి ప్రమాణం లేదు, ఒకే కంపెనీ రెండు మోడళ్లకే తేడా ఉండవచ్చు. ఎక్కువ వోల్టేజి రాగానే చాలా డిస్క్‌ల మీద ఉండే చిన్న రక్షణ డయోడ్ తానే షార్టయి మిగతాదాన్ని కాపాడుతుంది. ఆ షార్టును చూసి ఎస్ఎంపీఎస్ ఆగిపోతుంది. డిస్క్ తీగ ఒక్కటి ఊడదీసి ఉంటే కంప్యూటర్ లేచేది. ఆ డయోడ్ తీసి సరైన తీగ పెడితే డిస్క్ తిరిగిన సందర్భాలు నా బల్ల మీదే ఉన్నాయి. డయోడ్‌తో ఆగక చిప్పులు కాలినా, లోపలి పళ్లేల మీద రాసినది సాధారణంగా అలాగే ఉంటుంది. మాస్టారి డిస్క్ కోసం తుక్కు కొట్ల వెంట తిరిగాం. దొరకలేదు. పాడిన వాళ్లలో కొందరు అప్పటికే కాలం చేశారు.

వెనుక వరసల్లో ఉన్నవాళ్లు కూడా వినండి. పాత ఎస్ఎంపీఎస్ తీస్తే దాని తీగలన్నీ దానితోనే తీయండి. ఫ్యాను కదిలి ఆగిపోతే, అన్నీ ఊడదీసి బోర్డు, ప్రాసెసర్, ఒక ర్యామ్ మాత్రమే ఉంచి చూడండి. లేస్తే ఒక్కొక్కటే కలపండి, ఎక్కడ ఆగితే అక్కడ దోషం. ఏది మార్చినా డిస్క్‌ను మాత్రం యజమాని చేతికే ఇవ్వండి. అందులో ఏముందో మీకు తెలియదు. మళ్లీ చెబుతున్నాను, డిస్క్‌ను యజమాని చేతికే ఇవ్వండి.

నిర్వాహకులకు ఒక విన్నపం: ప్రాక్టికల్ పరీక్షలో మీటరు పట్టి వోల్టులు రాయనిదే ఎవరినీ ఉత్తీర్ణులను చేయవద్దు. విద్యార్థులారా, ఎస్ఎంపీఎస్ మార్చాక చచ్చిపోయిందని మీ ఊళ్లో ఎవరైనా అటక మీద పెట్టిన డిస్క్ ఉంటే తీసుకురండి. ఈ ఆదివారం పొద్దున్న ఇదే గదిలో ఉంటాను, కలిసి చూద్దాం.