దేహాన్ని దాటి చూడడం: శ్రోతల ప్రశ్నలకు ఆచార్యుల సమాధానాలు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో వెలసి, అంతరంగ జ్ఞానం వల్లనే విడుదల అని నమ్మిన గ్నాస్టిక్కుల ఆధ్యాత్మికత, దేహవాంఛలను దాటిన దృష్టి, పరసేవ అనే విషయాలపై మీ ప్రశ్నలకు ఆచార్యులవారు ఈ రోజు సమాధానాలు ఇస్తారు. మొదటి శ్రోత లైనులో ఉన్నారు, అడగండమ్మా.

మొదటి శ్రోత: నమస్కారమండీ. గ్నాస్టిక్కులు శరీరాన్ని చెరసాలగా భావించారనీ, అందువల్ల కొందరు కఠిన బ్రహ్మచర్యం పాటిస్తే, మరికొందరు శరీరం ఏమి చేసినా ఆత్మకు అంటదని విచ్చలవిడిగా బతికారనీ చదివాను. ఏది నిజమండీ?

ఆచార్యులు: విచ్చలవిడితనం గురించిన కథలు చాలావరకు వారి ప్రత్యర్థులు రాసినవేనమ్మా. లియాన్ నగర బిషప్ ఇరేనియస్ క్రీ.శ. 180 ప్రాంతంలో రాసిన ఖండన గ్రంథం లాంటివే శతాబ్దాల తరబడి మనకు ప్రధాన ఆధారాలు. 1945లో ఎగువ ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర కోప్టిక్ భాషలోని పాత ప్రతులు బయటపడిన తరువాతే వారి మాటను వారి నోటనే విస్తారంగా వినగలిగాము. అక్కడ దొరికిన 50 వరకు రచనల్లో విచ్చలవిడి జీవితాన్ని బోధించేది ఒక్కటీ లేదు, సంయమనాన్ని మెచ్చేవి మాత్రం చాలా ఉన్నాయి. అయితే ఒక హెచ్చరిక ముందే చేస్తున్నాను: దేహానికి లొంగడం ఎంత బంధమో, దేహాన్ని ద్వేషించడమూ అంతే బంధం. ఆ రచనల్లో ఒకటైన ఫిలిప్పు సువార్త కూడా ఇదే చెబుతుంది. దేహానికి భయపడితే అది మన మీద పెత్తనం చేస్తుంది, దాన్ని ప్రేమిస్తే మనల్ని మింగివేస్తుంది.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. తరువాతి శ్రోత మాట్లాడవచ్చు.

రెండవ శ్రోత: నమస్కారం గురువుగారూ. నేను కొన్నేళ్లుగా సాధనలో ఉన్నాను. మొదట మాంసం మానేశాను, తరువాత తీపి మానేశాను, ఇప్పుడు ఒంటిపూట భోజనంతో సరిపెట్టుకుంటున్నాను. పడక కూడా వేరు చేసుకున్నాను. అది మా ఆవిడకు నచ్చలేదు, కాని ఆమె ఈ విషయాలేవీ చదవలేదు. ఈ భౌతిక ప్రపంచాన్ని నిర్మించినవాడు పరమాత్మ కాదనీ, అజ్ఞానంలో ఉన్న ఒక కింది సృష్టికర్త అనీ చదివినప్పటి నుంచి ఈ దేహం నాది కాదన్న భావన బలపడింది. అయినా కోరిక పోలేదు. రాత్రి ధ్యానంలో కూర్చుంటే ఆకలి గుర్తుకు వస్తుంది, చెప్పుకోలేని ఆలోచనలూ వస్తాయి. పైగా మా అమ్మగారు మంచం పట్టడం వల్ల ఇల్లంతా మందుల వాసన, మూలుగు, అందుచేత ధ్యానం కోసం వేరే గది అద్దెకు తీసుకుందామా అని కూడా ఆలోచిస్తున్నాను. కోరికను పూర్తిగా తుడిచివేయాలంటే ఇంకా ఏమి మానేయాలి గురువుగారూ?

ఆచార్యులు: మీ అమ్మగారిని ఎవరు చూసుకుంటున్నారు?

రెండవ శ్రోత: మా ఆవిడే చూసుకుంటుంది, రాత్రిళ్లు లేచేది కూడా ఆమే. కాని గురువుగారూ, నేను అడిగినది కోరిక సంగతి.

ఆచార్యులు: నేను మాట్లాడుతున్నదీ దాని గురించే. మీరు తిండి తగ్గించారు, పడక మార్చారు, ఇప్పుడు గది కూడా మార్చాలనుకుంటున్నారు. మీ ఆలోచన మాత్రం మీ దేహం చుట్టూనే తిరుగుతోంది. అది ఏమి తిన్నది, ఏమి కోరింది, దానికి ఏ వాసన తగిలింది అన్నదే రోజంతా మీ లెక్క. భోగి చేసేదీ ఈ లెక్కే కదా! రెండవ శతాబ్దపు గ్నాస్టిక్ గురువు వాలెంటినస్ సంప్రదాయానికి చెందిన టోలెమీ, ఫ్లోరా అనే స్త్రీకి రాసిన లేఖలో ఉపవాసం ప్రస్తావన తెచ్చాడు. దైవం కోరేది చెడును విడిచిపెట్టే అంతరంగ ఉపవాసమనీ, బయటి ఉపవాసం వివేకంతో చేస్తే ఆత్మకు కొంత మేలు చేయవచ్చు కాని, ఇతరులను చూసి గాని అలవాటు కొద్దీ గాని చేసేదానికి విలువ లేదనీ ఆయన చెప్పాడు. మీరు తిండి మానిన కాలంలో విసుగును మానారా? మీ ఆవిడ చదవలేదన్న చిన్నచూపును మానారా?

రెండవ శ్రోత: అది ఆలోచించలేదండీ. కాని ఈ పదార్థమంతా ఆ అజ్ఞాన సృష్టికర్త చేతి పని అయినప్పుడు, దేహానికి సేవ చేయడం అతని పనికి సాయపడినట్టు కాదా? అందుకే అడుగుతున్నాను, కోరికను తెంచుకోవడానికి ఇంకా ఏమి విడవాలని.

ఆచార్యులు: మళ్లీ అదే ప్రశ్న అడిగారు. సరే, గ్నాస్టిక్ పురాణం సంగతే చూద్దాము. జ్ఞానం అనే అర్థం గల పేరున్న దివ్యశక్తి సోఫియా తన హద్దు దాటి చేసిన ప్రయత్నం వల్ల ఆ సృష్టికర్త పుట్టాడు. తన పైన మరొక దైవం ఉన్నదని ఎరుగక, తానే దేవుడినని చాటుకున్నాడు. అతని లోపం అహంకారంతో కూడిన అజ్ఞానం. ఇంట్లో ఒకరు బాధతో మూలుగుతూ ఉంటే ఆ మూలుగు నా ధ్యానానికి అడ్డమని అనుకునేవాడు ఆ సృష్టికర్త వైపు నిలిచినట్టా, అతన్ని దాటినట్టా? కఠినంగా అంటున్నానని నొచ్చుకోకండి నాయనా. నాగ్ హమ్మాదిలో దొరికిన సత్య సువార్తలో జ్ఞానం పొందినవారికి చేసిన ఉపదేశం చూడండి: తడబడినవారి పాదాలను నిలబెట్టండి, రోగులకు చేయి చాచండి, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టండి, అలసినవారికి విశ్రాంతి ఇవ్వండి. ఆ రోగి దేహం ఎవరు చేసినదని అందులో విచారణ లేదు. మాండియన్లనే ప్రాచీన గ్నాస్టిక్ సమాజం నేటికీ ఉన్నది, వారి మూలస్థానం ఇరాక్, నైరుతి ఇరాన్ ప్రాంతాలు. ఆత్మ వెలుగులోకానికి చెందినదని నమ్మే ఆ సమాజం బ్రహ్మచర్యాన్ని ఆదర్శంగా అంగీకరించదు, వివాహాన్నీ దానాన్నీ ధర్మంగా భావిస్తుంది. అలెగ్జాండ్రియాకు చెందిన క్రైస్తవ బోధకుడు క్లెమెంట్ వాలెంటినస్ వర్గాన్ని విమర్శించినవాడే అయినా, తన ఆదర్శ సాధకుణ్ణి గ్నాస్టిక్ అనే పిలిచాడు. భార్య, పిల్లలు, ఇల్లు అనే బాధ్యతల మధ్య నిలబడి దైవాన్ని విడువనివాడే నిజంగా పరీక్షకు నిలిచినవాడని ఆయన భావించాడు.

రెండవ శ్రోత: అయితే నేను ధ్యానం మానేయాలా?

ఆచార్యులు: మానవద్దు. ఈ రాత్రి నుంచి అమ్మగారి దగ్గర మీరు ఉండండి, మీ ఆవిడను పడుకోనివ్వండి. పక్కకు తిప్పవలసిన వేళ తిప్పండి, తుడవవలసినది తుడవండి. దేహాన్ని కోరిక లేకుండా, అసహ్యమూ లేకుండా చూడడం ఎలాగో అక్కడ తెలుస్తుంది, పుస్తకంలో అది దొరకదు. కోరిక వస్తే రానివ్వండి, వచ్చిందని గుర్తించి చేతిలోని పని కొనసాగించండి. దాన్ని తుడిచివేయాలన్న పట్టుదల కూడా ఒక కోరికే కనుక, ఆ పట్టు కొంత సడలించండి. పడక విషయం మీరొక్కరే తీర్చవలసింది కాదు, ఆమెతో కూర్చుని మాట్లాడండి. ఒంటిపూట భోజనంతో రాత్రి మేలుకోవడం కష్టం కనుక రెండు పూటలా తినండి, నీరసం గాని కళ్లు తిరగడం గాని ఉంటే వైద్యుణ్ణి కలవండి. ఇందాకటి హెచ్చరిక మీకు మరోసారి చెబుతున్నాను, దేహాన్ని ద్వేషించడం విడుదల కాదు.

రెండవ శ్రోత: ఈ రాత్రి నేనే ఉంటాను గురువుగారూ. ఆమెకు ఏమని చెప్పాలో తెలియడం లేదు.

ఆచార్యులు: నేను ఉంటాను, నువ్వు పడుకో అనండి, అంతే చాలు. ఫిలిప్పు సువార్తలోనే మరొక మాట ఉన్నది. జ్ఞానం వల్ల స్వతంత్రుడైనవాడు, ఇంకా ఆ స్వాతంత్ర్యం అందనివారి కోసం ప్రేమ వల్ల దాసుడవుతాడట. నాకు ఈ మార్గం మీద గౌరవం కలిగించిన మాట అదే.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తరువాతి శ్రోత క్లుప్తంగా అడగాలి.

మూడవ శ్రోత: ఈ బోధ మన అద్వైతంలోని మాయావాదం లాంటిదే కదండీ?

ఆచార్యులు: పోలిక ఉన్నది, తేడా కూడా పెద్దదే. అద్వైతంలో ఈశ్వరుడు సర్వజ్ఞుడు, మాయ ఆయన అధీనంలో ఉంటుంది. గ్నాస్టిక్ పురాణంలో సృష్టికర్తే అజ్ఞాని. రెండింటిలోనూ విడుదల జ్ఞానం వల్లనే అన్నంత వరకు మీరన్నది సరైనదే.

మూడవ శ్రోత: మరి జీవుడు, ఆత్మ...

వ్యాఖ్యాత: క్షమించండి, వేరే శ్రోతలు వేచి ఉన్నారు. చెప్పండమ్మా.

నాలుగవ శ్రోత: నేను రోగులకు సేవ చేస్తుంటాను ఆచార్యా. ఎవరూ ఒక మంచి మాట అనకపోతే లోపల కోపం వస్తుంది. అప్పుడు నా సేవ వ్యర్థమేనా?

ఆచార్యులు: రోగి దాహం తీరింది కదమ్మా, అది వ్యర్థం ఎలా అవుతుంది? కోపం తరచుగా అలసటకు గుర్తు. వారంలో ఒక రోజు విశ్రాంతి తీసుకోండి. మీ దేహాన్ని కూడా అలసినవారి జాబితాలో చేర్చుకోండి.

వ్యాఖ్యాత: చివరి శ్రోత, అర నిమిషం మాత్రమే ఉన్నది.

ఐదవ శ్రోత: గ్నాస్టిక్ రహస్యజ్ఞానం ఇస్తామని ఒక బృందం నన్ను పిలుస్తోంది. ఇంటివారితో మాటలు మానాలనీ, దాచుకున్న సొమ్ము అప్పగించాలనీ అంటున్నారు. చేరవచ్చా?

ఆచార్యులు: చేరవద్దు. సొమ్ము గాని, మీ పత్రాలు గాని ఎవరి చేతికీ ఇవ్వకండి, ఈ సంగతి ఈ రోజే ఇంట్లో చెప్పండి. చదవాలని ఉంటే ఆ రచనలకు అనువాదాలు అచ్చులోనే ఉన్నాయి, ఎవరి అనుమతీ అక్కరలేదు.

వ్యాఖ్యాత: ఆచార్యులవారికీ, శ్రోతలకూ ధన్యవాదాలు.