పాట వినడానికి ఒక జత స్పీకర్లు

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం ఇల్లు వదిలి స్పీకర్ల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే చాలా సంతోషంగా ఉంది. వేదిక మీద పల్చటి నూలు చీర ఒకటి తెరలా కట్టి ఉంది, చూస్తున్నారు కదా. దాని వెనక రెండు జతల స్పీకర్లు ఉన్నాయి. వాటి సంగతికి చివర్లో వద్దాం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో దాచుకున్న డబ్బంతా పెట్టి ఒక జత టవర్ స్పీకర్లు కొన్నాను. నడుము ఎత్తు, ఒక్కో దాంట్లో మూడేసి వూఫర్లు, అంటే కింది స్థాయి శబ్దం మోగించే కోన్లు, వాటి చుట్టూ వెండిరంగు రింగులు. షాపులో మోగించినప్పుడు ఆ బేస్‌కి ఒళ్లు జలదరించింది. ఆటోలో పడకుండా పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. నెల తర్వాత ఊరి నుంచి మా నాన్నగారు వచ్చారు. ఆయనకు ఘంటసాల గారి పద్యాలంటే ప్రాణం. ఎంతో ఉత్సాహంగా పెట్టి వినిపించాను. రెండు పద్యాలు విని, "ఏమిట్రా, ఆయన బావిలో నిలబడి పాడుతున్నట్టుంది. మన పాత ట్రాన్సిస్టరే నయం కదరా" అన్నారు.

ఆ మాటకి మనసు చివుక్కుమంది. కానీ కూర్చుని మళ్లీ వింటే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మగవాళ్లు మాట్లాడేటప్పుడు గొంతు అడుగు శ్రుతి సుమారుగా 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, అంటే సెకనుకి అన్ని కంపనాలు. నేను కొన్న బాక్సుల చెక్క పల్చన. సరిగ్గా ఆ ప్రాంతంలోనే బాక్సు తానూ మోగుతోంది. పాడే గొంతుకి చెక్క గొంతు కలిసిపోయింది. ట్రాన్సిస్టర్‌లో బేస్ లేదు నిజమే, కానీ మాట తేటగా ఉండే మధ్య స్థాయిలో అది అబద్ధం చెప్పేది కాదు.

అందుకే చేతిలో డబ్బు తక్కువ ఉన్నప్పుడు గొంతు కోసం కొనండి అంటాను. ఇంట్లో ఉన్న స్టీరియోలో రెండు ముందు స్పీకర్లు మార్చాలనుకుంటున్నారు, ఇరవై, పాతిక వేలకు మించి పెట్టలేరు. అలాంటప్పుడు మనిషి గొంతుని మనిషి గొంతులా వినిపించే జత దొరికితే వీణ, వయొలిన్, ఫ్లూట్ వాటంతట అవే బాగుంటాయి. ఎందుకంటే వాటి ప్రాణం కూడా చాలావరకు ఆ మధ్య స్థాయిలోనే ఉంది.

ముందుగా వాట్ల సంగతి. బాక్సు మీద 5000 వాట్లు పీఎంపీవో అని పెద్ద స్టిక్కరు ఉంటుంది. పీఎంపీవో అంటే సెట్టు ఒక్క క్షణం ఇవ్వగలదని చెప్పుకునే గరిష్ఠ శక్తి. దాన్ని కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ లేదు. ఆ సెట్టుని తిప్పి వెనక రేకు మీద చిన్న అక్షరాలు చదవండి. 230 వోల్టులు, 60 వాట్లు అని ఉంటుంది. గోడ నుంచి 60 వాట్లు తీసుకునే పెట్టె అంతకు మించి ఎడతెగకుండా ఎలా ఇస్తుంది? ఎడతెగకుండా ఇచ్చే శక్తిని చెప్పేది ఆర్ఎంఎస్ అని రాసిన అంకె, దాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోండి.

వాట్ల కంటే అవసరమైన అంకె ఇంకొకటి ఉంది. సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ సౌండు వస్తుందో చెప్పే అంకె ఇది. 84 ఉన్న స్పీకర్లూ ఉంటాయి, 90 ఉన్నవీ ఉంటాయి. ఆరే కదా తేడా అనుకోవద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆంప్లిఫయర్ శక్తి రెట్టింపు కావాలి. అంటే 90 స్పీకరుని 25 వాట్లతో ఎంత గట్టిగా మోగించగలరో, 84 స్పీకరుని అంత గట్టిగా మోగించడానికి 100 వాట్లు కావాలి. మీ ఇంట్లో ఉన్నది పాత చిన్న ఆంప్ అయితే 87, 88కి తగ్గకుండా, 8 ఓముల స్పీకర్లు చూసుకోండి. ఓములంటే కరెంటుకి స్పీకరు పెట్టే అడ్డు. 4 ఓములవి పెడితే కొన్ని చిన్న ఆంప్‌లు వేడెక్కిపోతాయి. ఆంప్ మార్చాల్సి వస్తే మన బడ్జెట్ మొత్తం తలకిందులవుతుంది.

ఇక పెద్దదా చిన్నదా అన్న ప్రశ్న. అదే డబ్బుకి టవరు వస్తున్నప్పుడు చిన్న బాక్సు ఎందుకని మా బావమరిది కూడా అడిగాడు. టవర్లో చెక్క ఎక్కువ, వూఫర్లు ఎక్కువ, లోపల శబ్దాన్ని కింది, పై స్థాయిలుగా పంచే క్రాస్‌ఓవర్ పెద్దది, పెట్టె బరువు, రవాణా ఎక్కువ. అదే పాతిక వేలు ఇన్నింటికి పంచితే ఒక్కో దానికి దక్కేది తక్కువ. ఒక వూఫరు, పైస్థాయి శబ్దం మోగించే ఒక ట్వీటరు ఉన్న చిన్న బాక్సులో ఆ డబ్బు ఆ రెండింటి మీదా, గట్టి చెక్క మీదా పడుతుంది. 1970లలో బీబీసీ ఇంజనీర్లు బయటి ప్రసారాల వ్యాన్‌లో పెట్టుకోవడానికి ఎల్ఎస్ 3/5ఎ అని ఒక స్పీకరు తయారు చేశారు. ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు, వూఫరు అయిదంగుళాలది. దాంట్లో లోతైన బేస్ లేదు, గట్టిగా మోగదు. కానీ మాట ఎంత సహజంగా వినిపిస్తుందంటే, ఇప్పటికీ జనం వెతికి కొనుక్కుంటారు.

కొనే ముందు బాక్సు పక్క చెక్క మీద వేలి కణుపుతో తట్టి చూడండి. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, అలాగే. కాకపోతే కుండ ఖంగుమంటే మంచిది, స్పీకరు బాక్సు ఖంగుమంటే వదిలేయాలి. గోడ మీద తట్టినట్టు మొద్దుగా టక్‌మనాలి. నా టవర్లు ఆ రోజు తట్టి ఉంటే డోలులా పలికేవి.

షాపులో వినడం గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను. ఎక్కువమంది పొరపాటు పడేది అక్కడే. రెండు జతలు పక్కపక్కన మోగిస్తే, ఏది కొంచెం గట్టిగా మోగితే అదే బాగుందని చెవికి అనిపిస్తుంది. ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా చాలు. అది గట్టిగా ఉందని మనకి తెలియదు, బాగుందని మాత్రం తెలుస్తుంది. కాబట్టి ఫోన్‌లో సౌండు కొలిచే యాప్ ఒకటి పెట్టుకుని, మీరు కూర్చున్న చోటే పట్టుకుని, రెండు జతల సౌండూ సమానం చేయించండి. షాపు వాళ్లు విసుక్కున్నా పర్వాలేదు, డబ్బు మనది.

చెవి ఒక్కటే కాదు, కన్ను కూడా మోసం చేస్తుంది. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఓలివ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక స్పీకర్ల కంపెనీ ఉద్యోగులతోనే పరీక్ష చేశారు. అవే స్పీకర్లని ఒకసారి తెర వెనక పెట్టి, ఒకసారి కళ్లెదుట పెట్టి మార్కులు వేయమన్నారు. కళ్లెదుట ఉన్నప్పుడు పెద్ద బాక్సుకి, ఖరీదైన దానికి మార్కులు పెరిగాయి. రోజూ స్పీకర్ల మధ్యే పనిచేసే వాళ్లే అలా వేశారంటే, ఆ వెండి రింగులు చూసి నేను మోసపోవడంలో వింత లేదు. షాపులో కళ్లు మూసుకుని వినండి. ఎవరేమనుకున్నా సరే.

ఏం వినాలి? మీకు బాగా అలవాటైన పాట. నేనైతే మూడు రకాలు పట్టుకెళతాను. మొదటిది పాత మోనో రికార్డింగు. ఘంటసాల గారి పాటల్లో చాలావరకు మోనోవే. రెండు స్పీకర్లలోనూ ఒకటే వస్తోంది కాబట్టి, రెండింటికీ సమాన దూరంలో కూర్చుంటే గొంతు సరిగ్గా మధ్యలో, ఖాళీ చోట, ఒక మనిషి నిలబడి పాడుతున్నట్టు వినిపించాలి. గొంతు గోడంతా పరుచుకున్నా, ఒక పక్కకి లాగినా, ఆ రెండు స్పీకర్లూ ఒకదానికొకటి సరిపోలేదన్నమాట. లేదంటే ఒక దానికి వైరు ప్లస్సు మైనస్సు తారుమారైంది. అలా తారుమారైతే బేస్ కూడా మాయమవుతుంది. ఇంట్లో బిగించాక ముందుగా చూసుకోవాల్సింది ఇదే.

రెండోది తెలుగు పద్యం, లేదా స్పష్టంగా చదివిన ఏదైనా గద్యం. మన అక్షరాలే మంచి పరీక్ష. శ, ష, స మూడూ విడివిడిగా వినిపించాలి. స లో గాలి శబ్దం బాగా పైస్థాయిలో ఉంటుంది, శ లో దానికి కాస్త కింద. ఎక్కువ స్పీకర్లలో వూఫరు ఆపి ట్వీటరు అందుకునే చోటు 2000, 3000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అక్కడ అతుకు సరిగ్గా లేకపోతే మూడూ ఒకేలా ఉస్సుమంటాయి, లేదా స వచ్చినప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టుంటుంది. అలాగే భ, ధ, ఘ పలికినప్పుడు అక్షరం వెనక వచ్చే ఊపిరి వినిపిస్తోందా చూడండి. మంచి జతలో అది వినిపిస్తుంది. మొదటిసారి ఆ ఊపిరి విన్నప్పుడు నేను పాట ఆపేసి మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాను.

మూడోది మృదంగం బాగా రికార్డయిన కచేరీ. కుడివైపు దెబ్బ తెగినట్టు ఆగాలి, ఎడమవైపు దెబ్బ గుండ్రంగా వచ్చి పోవాలి. ఎడమ దెబ్బ పోకుండా గదిలో తిరుగుతూ ఉంటే అది స్పీకరు తప్పో గది తప్పో తేల్చుకోవాలి.

చాలాసార్లు గది తప్పే. మన ఇళ్లలో కింద టైల్స్, చుట్టూ నున్నటి గోడలు, ఒక పక్క అద్దాల తలుపు. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. ఝణ్‌మని చప్పుడు మిగిలితే ఏ స్పీకరు పెట్టినా ట్రెబుల్, అంటే పైస్థాయి శబ్దం, చెవిని కోస్తుంది. స్పీకర్లకీ మీకూ మధ్య ఒక మందపాటి జంపఖానా పరవండి, కిటికీలకు బరువైన కర్టెన్లు వేయండి. పుస్తకాల బీరువా ఉంటే మీ వెనక గోడకి జరపండి. బేస్‌ది వేరే కథ. పదడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఇరుక్కుని ఊగుతుంది. గది పది బై పది చదరం అయితే రెండు వైపులా అదే చోట ఊగి, ఒక్క స్వరం గుమ్మని మిగతావన్నీ మింగేస్తుంది. దానికి మందు స్పీకర్లని కదపడమే. వెనక గోడకి ఒకటిన్నర, రెండడుగులు ఎడంగా, మూలలకి దూరంగా పెట్టి, రోజుకి కొంచెం జరుపుతూ వారం రోజులు వినండి. స్పీకరు వెనక గొట్టంలా పోర్టు ఉండి, గోడకి జరపక తప్పకపోతే, పాత సాక్సు ఒకటి చుట్టి ఆ గొట్టంలో వదులుగా దూర్చండి. బేస్ కొంచెం తగ్గినా బిగువుగా ఉంటుంది.

షోకేస్ అరలో దూర్చి పెట్టడం, పై అరలో దేవుడి పటం పక్కన పెట్టడం మాత్రం వద్దండి. ట్వీటరు చెవి ఎత్తులో ఉండాలి. సోఫాలో కూర్చుంటే చెవి సుమారు మూడడుగుల ఎత్తులో ఉంటుంది, చాప మీద కూర్చునే వాళ్లకి ఇంకా కింద. నేను మా వీధి చివర వెల్డింగ్ షాపులో చదరపు పైపుతో రెండడుగుల స్టాండ్లు చేయించి, లోపల ఎండబెట్టిన ఇసుక నింపి, పైన మూత వేయించాను. ఇసుక పోయక ముందు తడితే గంటలా మోగిన పైపు, పోశాక నోరెత్తలేదు.

పాత స్పీకర్లు కొనే ఆలోచన ఉంటే తప్పక చేయండి, తక్కువ డబ్బుకి అంతకంటే మంచి దారి లేదు. వూఫరు అంచున చుట్టూ ఉండే మెత్తటి వలయం చూడండి. రబ్బరుదైతే ఏళ్ల తరబడి ఉంటుంది. ఫోమ్‌దైతే ఉక్కపోత వాతావరణంలో, ముఖ్యంగా మన కోస్తాలో, పొడిపొడిగా రాలిపోతుంది. వేలు తగిలించగానే నల్లగా అంటుకుంటే దాని పని అయిపోయినట్టే. ఆ వలయం కొత్తది వేసే పనివాళ్లు ఉన్నారు, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. తర్వాత రెండు చేతుల వేళ్లూ వూఫరు కోను మీద ఎదురెదురుగా ఆనించి, చాలా నెమ్మదిగా లోపలికి నొక్కండి. గరగరమని రాసుకున్న చప్పుడు వస్తే లోపల కాయిల్ దెబ్బతింది, లేచి వచ్చేయండి. ఇంకో చిన్న పరీక్ష. గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్ ఒకటి జేబులో పెట్టుకెళ్లి, ప్లస్సుని ఎర్ర టెర్మినల్‌కి, మైనస్సుని నల్లదానికి ఒక్క క్షణం ఆనించండి. కోను ముందుకి కదలాలి, రెండు స్పీకర్లలోనూ ఒకేలా. ఒకటి వెనక్కి పోతే దాన్ని ఎవరో విప్పి తప్పుగా అతికారు.

వైర్ల గురించి అడుగుతారని తెలుసు. నాలుగైదు మీటర్ల దూరానికి 16 గేజ్ మామూలు రాగి వైరు చాలు. మిగిలిన డబ్బు స్పీకర్లకే పెట్టండి. హోమ్ థియేటర్ ఉన్నవాళ్లు ముందు జత మార్చాక రిసీవర్ సెట్టింగ్‌లో స్పీకర్లని స్మాల్ అని పెట్టి, 80 హెర్ట్జ్ కింద శబ్దాన్ని సబ్‌వూఫర్‌కి వదిలేయండి. చిన్న జత మీద భారం తగ్గి గొంతు ఇంకా తేటపడుతుంది.

ఇక తెర దగ్గరికి వద్దాం. దాని వెనక ఒక జత పెద్దది, ఒక జత చిన్నది. ఏది ఎటువైపు ఉందో చెప్పను. నిన్న రాత్రి ఇక్కడే కూర్చుని మీటరు పెట్టి రెండింటి సౌండూ సమానం చేసి, ఆంప్ మీద వాల్యూమ్ నాబ్ పక్కన పెన్సిల్‌తో రెండు గీతలు గీసుకున్నాను. ఒక గీత మొదటి జతకి, ఇంకొకటి రెండో జతకి. మీ చేతుల్లో చీటీలు ఉన్నాయి. ఒకే పద్యం రెండుసార్లు పెడతాను. గొంతు ఏ జతలో మనిషిలా ఉందో ఒకటి, రెండు అని రాయండి. పక్కవాళ్ల చీటీ చూడొద్దు. వెనక వరుసలో అమ్మ గారూ, మీరు కొంచెం మధ్యకి జరగండి, అక్కడైతే ఒక పక్క స్పీకరే వినిపిస్తుంది. ఫ్యాన్లు ఒక్క అయిదు నిమిషాలు ఆపుతున్నాం. కళ్లు మూసుకోండి.

ఇది మొదటి జత.