షెడ్డులో ఉన్న మిషన్

(ఒక ఇంజినీరింగ్ కళాశాలలో ఇంజినీర్స్ డే సభలో చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, పొద్దుట్నుంచి ఎండలో నిలబడి ప్రాజెక్టులు చూపించిన పిల్లలకు నమస్కారం. పరిచయంలో నా గురించి చాలా పెద్ద మాటలు చెప్పారు. మునిసిపాలిటీ డ్రైనేజీ సెక్షన్‌లో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరి డిప్యూటీ ఇంజినీరుగా రిటైరైన మనిషిని, అంతే.

విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజున అందరూ డ్యాముల గురించి మాట్లాడతారు. 1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలిస్తే వచ్చిన ఆయన, వరద కాపుదలతో పాటు హైదరాబాదు మురుగు ఎటు పోవాలో కూడా గీసిచ్చారు. ఆ రెండో సంగతి సభల్లో ఎవరూ ఎత్తరు. నా జీతం అంతా మురుగు మీదే వచ్చింది కాబట్టి నేను ఎత్తుతాను.

నాకిచ్చిన అంశం ‘రోబోలు - మానవ భవిష్యత్తు’. పొద్దున మీ ఎగ్జిబిషన్ చూశాను. టీ తెచ్చే రోబో, డ్యాన్సు చేసే రోబో బాగున్నాయి. ఆ మూలన ఇంకో రెండున్నాయి. ఒకటి మ్యాన్‌హోల్ శుభ్రం చేసేది. రెండోది మంచాన పడ్డవాళ్లకు కబుర్లు చెప్పేది. ఆ రెండూ చూశాక భవిష్యత్తు సంగతి పక్కన పెట్టేశాను. వాటి గురించే మాట్లాడతాను.

వెనక వరసలో బాబూ, ఆ ఫోను ఒక్క నిమిషం ఆపు. మ్యాన్‌హోల్ మూత తీసి లోపలికి తొంగిచూసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. సరే, దించండి.

లోపల ఉండేది హైడ్రోజన్ సల్ఫైడ్. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు కంపు. ఎక్కువైతే ముక్కు ఆ కంపు పట్టడం మానేస్తుంది. కంపు తగ్గింది కదా అని మనిషి దిగుతాడు. పడిపోతాడు. వాణ్ణి లాగడానికి ఇంకొకడు దిగుతాడు. 2015 నవంబరులో కేరళ కోళికోడ్‌లో ఇదే జరిగింది. పని కోసం అంత దూరం వెళ్లిన ఇద్దరు మన ఆంధ్ర కూలీలు మ్యాన్‌హోల్‌లో చిక్కుకుంటే, ఆటో డ్రైవరు నౌషాద్ కాపాడదామని దిగి, వాళ్లతో పాటే పోయాడు. వాళ్ల భాష రాదు, ఊరు తెలీదు. దిగాడు.

ఆ చావులు కదిలించిన కుర్రాళ్లలో కుట్టిప్పురం ఇంజినీరింగ్ కాలేజీలో చదివినవాళ్లు ఉన్నారు. జెన్‌రోబోటిక్స్ అని పెట్టి, 2018లో తిరువనంతపురంలో బ్యాండికూట్ అనే రోబోను దించారు. మూత దగ్గర స్టాండు, కెమెరా ఉన్న చెయ్యి లోపలికి, పూడిక బకెట్లో పైకి. మనిషి బయట నిలబడి తెర మీద చూస్తూ నడుపుతాడు. కాబట్టి ‘రోబో ఈ పని చేయగలదా’ అని నన్నడక్కండి. చేస్తోంది.

మరి ఇంకా మనిషి ఎందుకు దిగుతున్నాడు? ఇక్కడ నా గోల కాస్త వినాలి.

నేను పనిచేసిన ఒక ఊళ్లో (పేరు చెప్పను, ఇక్కడ ఆ ఊరి పిల్లలుంటారు) నీళ్లు జోరుగా చిమ్మి మురుగు గొట్టాలు శుభ్రం చేసే జెట్టింగ్ బండి కొన్నారు. కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు దిగారు. నెల తిరక్కుండా షెడ్డులో టార్పాలిన్ కింద పడింది. డీజిల్ ఏ పద్దులో రాయాలో తేలలేదు. డ్రైవరు పోస్టు శాంక్షన్ కాలేదు. గొట్టం పగిలితే దానికో టెండరు. కాంట్రాక్టరు చేతిలో మాత్రం మనుషులున్నారు. ఫోన్ చేస్తే వస్తారు, దిగే ముందు ఒక క్వార్టరు ఇప్పిస్తే చాలు. ఇదేంటయ్యా అని కాంట్రాక్టరును అడిగితే ‘మిషన్ కంటే మనిషి చవక కద్సార్’ అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నేను ఫైలు రాశాను. మళ్లీ రాశాను. ఫైలు తిరిగింది, బండి తిరగలేదు.

చట్టాలు లేవా? మనుషుల చేత మలం ఎత్తించకూడదని 1993లో ఒకటి, 2013లో ఒకటి వచ్చాయి. మురుగులో దిగి చనిపోతే కుటుంబానికి 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. కోలారు గనుల్లో పారిశుధ్య కార్మికుల ఇంట పుట్టిన మన తెలుగువాడు బెజవాడ విల్సన్ జీవితమంతా ఈ పని మాన్పించడానికే పెట్టాడు. 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆ అవార్డు వార్త చదివిన రోజు కూడా మా బండి షెడ్డులోనే ఉంది.

హైదరాబాదులో 2017లో ఇరుకు సందుల్లో తిరిగే చిన్న జెట్టింగ్ బండ్లు 70 దించారు. దళితులే యజమానులు. బండి కదిలితేనే వాళ్లకు అప్పు వాయిదా కట్టే డబ్బు. అలాంటి బండి షెడ్డులో పడుకోదు.

టైమైందని చీటీ వచ్చింది. రెండో రోబో సంగతి చెప్పి దిగుతాను.

మా అమ్మకు పక్షవాతం వచ్చాక ఒకావిడను పెట్టుకున్నాం. ఆయమ్మ అనేవాళ్లం. రెండు గంటలకోసారి ఒత్తిగిలించకపోతే వీపున పుండ్లు పడతాయి, రాత్రయినా సరే. మా చెల్లెలు ఓసారి ‘పాపం, ఆ డైపర్లు ఎలా తీస్తున్నావో’ అంది. ఆయమ్మ ఏమందంటే, ‘అది కడుక్కుంటే పోద్దమ్మా. నడుమే పోతంది. రేపు నేను పడితే నన్నెవరెత్తుతారు?’

జపానులో రికెన్ సంస్థ 2015లో రోబేర్ అని ఎలుగు మొహం రోబో చూపించింది. మంచం మీంచి మనిషిని ఎత్తి చక్రాల కుర్చీలో కూర్చోబెడుతుంది. దాని బరువే 140 కిలోలు, ఇళ్లలోకి రాలేదు. పారో అనే సీల్ బొమ్మ మాత్రం వృద్ధాశ్రమాలకు వెళ్లింది. నిమిరితే కదులుతుంది, అరుస్తుంది. అంటే ముద్దు చేయడానికి మిషన్ వచ్చింది, ఎత్తడానికి రాలేదు. పిల్లలూ, మీరూ అదే చేశారు. మా ఆయమ్మ అమ్మతో కబుర్లాడేది, దెబ్బలాడేది, సీరియల్ కథ చెప్పేది. ఆ కొలువులో ఆవిడకున్న సుఖం అదొక్కటే. దాన్ని రోబోకిచ్చి బరువు ఆవిడకు వదిలేస్తారా? మంచం మీంచి మనిషిని ఎత్తడానికి చేత్తో తిప్పే లిఫ్టు ఉంది, మోటారు లేకుండానే పనిచేస్తుంది. మేం అడిగిన ఆస్పత్రిలో అది ఉందట. ఎక్కడుందమ్మా అంటే, స్టోర్ రూంలో!

ప్రిన్సిపాల్ గారూ, సాయంత్రం బెస్ట్ ప్రాజెక్టు బహుమతి ఇస్తారట. జడ్జీల్లో నా పేరు తీసేయండి. మీ హాస్టల్ బాత్‌రూములు కడిగే ఇద్దరు ఆడవాళ్లు పొద్దున నాకు గేటు దగ్గర కనిపించారు. వాళ్లను కూర్చోబెట్టండి, రిమోట్ వాళ్ల చేతికివ్వండి, ఏది పనికొస్తుందో ఏది రాదో వాళ్లను చెప్పనివ్వండి. మధ్యాహ్నం రెండు గంటలకు డ్యూటీ దిగిపోతారట, భోజనాలకు లేచే ముందే ఎవరైనా వెళ్లి పిలవండి.