పాట చెడకుండా ఇల్లు మాట్లాడాలంటే

[దృశ్యం: హాల్లో పాట వస్తోంది. కెమెరా వంటగదిలోకి వెళ్తుంది, అక్కడా అదే పాట. ఉన్నట్టుండి తెగిపోతుంది.]

ఇంటి గొంతు: వాషింగ్ మెషిన్ పని అయిపోయింది.

[నిశ్శబ్దం. పాట తిరిగి రాదు.]

వ్యాఖ్యాత: విన్నారుగా! మెషిన్ పనీ అయిపోయింది, పాట పనీ అయిపోయింది.

గదిగదికీ స్పీకర్లు పెట్టుకుని పాటలు వినడం ఒక సరదా. తలుపు కబుర్లు, సెన్సర్ల కబుర్లు ఇంటి చేతే చెప్పించుకోవడం ఇంకో సరదా. రెండిటికీ అవే స్పీకర్లు వాడుకోవచ్చు కదా అని అందరికీ అనిపిస్తుంది, వాడుకోవచ్చు కూడా. ఇంటి చేత మాట్లాడించడం పది నిమిషాల పని. మాట్లాడాక పాటని ఆపిన చోటుకి మళ్లీ చేర్చడం మాత్రం రెండు మూడు వారాంతాలు తినేస్తుంది.

[తెర మీద: ఒక స్పీకర్, దానిలోకి వెళ్తున్న ఒకే ఒక్క గీత]

మామూలు స్పీకర్‌కి ఒకసారికి ఒకే పని తెలుసు. కొత్త ఆడియో ఫైల్ ఇస్తే పాతది వదిలేస్తుంది. మనకి అది ముఖ్యమైన కబురు, దానికి మాత్రం ఇంకో పాట, అంతే.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, స్పీకరే పాట వాల్యూమ్ తగ్గించి, పైన మాట వినిపించి, మళ్లీ పెంచడం. దీన్ని డకింగ్ అంటారు. సోనోస్ కంపెనీ కొత్త తరం స్పీకర్లు ఈ పని చేస్తాయి. ఇంట్లోని పరికరాలన్నిటినీ నడిపే సాఫ్ట్‌వేర్ హోమ్ అసిస్టెంట్‌లో ఆడియో పంపేటప్పుడు 'అనౌన్స్' అనే ఆప్షన్ ఆన్ చేస్తే చాలు. మీ స్పీకర్‌కి ఈ సౌకర్యం ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా అదే వాడండి.

లేదంటే రెండో దారి, స్నాప్‌షాట్. ఏ పాట, ఎన్నో సెకను, ఎంత వాల్యూమ్, ఏ గదులు ఏ గదులతో కలిసి ఉన్నాయి, అంతా గుర్తుపెట్టుకుని, మాట్లాడి, అన్నీ తిరిగి పెట్టడం. వినడానికి బాగానే ఉంది. నేనూ అలాగే అనుకున్నాను.

[దృశ్యం: డోర్‌బెల్, వాషింగ్ మెషిన్, పక్కపక్కన]

ఒకరోజు వాషింగ్ మెషిన్ ఆగింది. నా స్క్రిప్టు, అంటే హోమ్ అసిస్టెంట్‌కి నేను రాసిపెట్టిన పనుల వరస, పాటని గుర్తుపెట్టుకుంది, వాల్యూమ్ 25. దాన్ని 50కి పెంచి మాట మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే డోర్‌బెల్ మోగింది. రెండో స్క్రిప్టు కూడా బుద్ధిగా స్నాప్‌షాట్ తీసుకుంది. ఆ క్షణాన స్పీకర్‌లో ఉన్నదేమిటి? పాట కాదు, వాషింగ్ మెషిన్ మాట, వాల్యూమ్ 50. నేను తలుపు తీసి లోపలికి వచ్చేసరికి ఇల్లు మళ్లీ "వాషింగ్ మెషిన్ పని అయిపోయింది" అంటోంది, అదీ అరిచినంత గట్టిగా. పాట ఊసే లేదు.

దీనికి మందు ఒకటే. ప్రతి అనౌన్స్‌మెంట్ ఒకే గుమ్మం గుండా పోవాలి. డోర్‌బెల్ ఆటోమేషన్ (బెల్ మోగితే ఇది చెయ్యి అని రాసిపెట్టిన నియమం) గానీ, ఫ్రిజ్ తలుపు ఆటోమేషన్ గానీ నేరుగా స్పీకర్‌ని ముట్టుకోకూడదు. అన్నీ ఒకే స్క్రిప్టుకి మాట అప్పగించాలి, అది వరసలో ఒక్కొక్కటే చెప్పాలి. హోమ్ అసిస్టెంట్‌లో స్క్రిప్టుకి మామూలుగా ఉండే మోడ్ 'సింగిల్'. అంటే ఒకటి నడుస్తుండగా ఇంకోటి వస్తే రెండోదాన్ని పక్కన పడేస్తుంది, లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి ఊరుకుంటుంది. దాన్ని 'క్యూడ్'కి, అంటే వరసలో నిలబెట్టే మోడ్‌కి మార్చండి. మామూలుగా 10 దాకా నిలబెడుతుంది. 10 అనౌన్స్‌మెంట్లు వరస కట్టే ఇల్లు మీదైతే, మీకు కావలసింది వేరే వీడియో.

ఇంకో జాగ్రత్త. మాట పూర్తయ్యేదాకా ఆగమని చెప్పడానికి "5 సెకన్లు ఆగు" అని రాయకండి. మాట 6 సెకన్లుంటే తోక తెగుతుంది. స్పీకర్ వాయించడం ఆపిందో లేదో చూసి, అప్పుడు పాటని వెనక్కి పిలవాలి.

[తెర మీద: "తలుపు తాళం వేసి లేదు". చివరి మాట చెరిగిపోతుంది.]

ఈ తోక తెగడం తెలుగులో మరీ ప్రమాదం. మన వాక్యంలో అసలు సంగతి చివర్లో ఉంటుంది. "తలుపు తాళం వేసి లేదు"లో "లేదు" పోతే ఏం మిగిలింది? అందుకే నేను వాక్యాన్నే మార్చేశాను: "తాళం తీసే ఉంది, వీధి తలుపు." వ్యాకరణం పంతులుగారికి నచ్చకపోవచ్చు. తల కూడా తెగుతుందండోయ్. కొన్ని యాంప్లిఫయర్లు శబ్దం వచ్చాకే నిద్ర లేస్తాయి. ఈలోగా మొదటి మాట గాలికి పోతుంది. ముందు ఒక చిన్న గంట శబ్దం పెట్టండి. యాంప్లిఫయర్ లేస్తుంది, మనుషుల చెవులూ లేస్తాయి.

[దృశ్యం: హాల్లో ఒక గొంతు, అర సెకను తర్వాత వంటగదిలో అదే గొంతు]

గదుల మధ్య తేడా సంగతి. ఒక్కో స్పీకర్‌కి విడివిడిగా ఫైల్ పంపితే ఒక్కోటి ఒక్కో క్షణంలో మొదలుపెడుతుంది. రెండు చోట్ల నుంచి వచ్చే మాటల మధ్య తేడా సెకనులో వందో వంతైతే చెవి పట్టించుకోదు, పదో వంతు దాటితే గోల. స్పీకర్లని ముందే గ్రూప్ చేసి పంపితే ఇది పోతుంది. అన్ని గదుల్లో ఒకే ఆడియో ఒకేసారి వినిపించే సాఫ్ట్‌వేర్ స్నాప్‌కాస్ట్, గదుల్ని కలపడానికి మామూలుగా 1000 మిల్లీసెకన్ల ఆడియోని ముందే పోగుచేసుకుంటుంది (దీన్నే బఫర్ అంటారు) కాబట్టి మాట ఒక సెకను ఆలస్యంగా వస్తుంది. డోర్‌బెల్‌కి అదేం పెద్ద ఆలస్యం కాదు. నా మటుకు, మనుషులున్న గదిలోనే మాట్లాడించడం మేలు.

గొంతు గురించి ఒక్క మాట. గూగుల్ గొంతు తెలుగు పలుకుతుంది, కానీ దానికి ఇంటర్నెట్ కావాలి. "ఇంటర్నెట్ పోయింది" అన్న కబురు దాని చేత చెప్పించాలని నేను ప్రయత్నించాను. నవ్వకండి. రోజూ పలికే నాలుగైదు వాక్యాలు ముందే రికార్డ్ చేసి ఇంట్లోని సర్వర్‌లో పెట్టుకోండి.

ఏవి మాట్లాడాలన్నది మీ ఇష్టం. ప్రతి చిన్నదానికీ పాట మధ్యలో పానకంలో పుడకలా దూరితే, వారం తిరిగేసరికి ఇల్లంతా "నాన్నా పులి" కథే. మనిషి లేచి వెళ్లి ఏదో ఒకటి చెయ్యాల్సినదానికే గొంతు ఇవ్వండి. మిగతావి ఫోన్‌కి పంపండి.

[తెర మీద: పొగ అలారం]

చివరిది పొగ. పొగ అలారంలో సొంత సైరన్ ఉంటుంది, 3 మీటర్ల దూరంలో కనీసం 85 డెసిబెల్స్ మోగుతుంది, బ్యాటరీ దానిలోనే ఉంటుంది. వైఫై, రౌటర్, కరెంటు, అన్నీ బాగుంటేనే నోరు విప్పే స్పీకర్లు దాని పని చెయ్యలేవు. "పొగ వంటగదిలో" అని చోటు చెప్పడం వరకే వాటి సాయం. ఈ ఒక్క కబురూ మన గుమ్మం స్క్రిప్టు గుండా పోకూడదు, వరసలో నిలబడకూడదు. దీనికి వేరే స్క్రిప్టు రాయండి. ముందు ఆ వరసనే ఆపెయ్యాలి, తర్వాత పాటని ఆపెయ్యాలి, తర్వాత మాట్లాడాలి. స్నాప్‌షాట్ వద్దు.

[దృశ్యం: మొదటి హాలు. పాట తెగిపోతుంది.]

ఇంటి గొంతు: పొగ వంటగదిలో. పొగ వంటగదిలో.

[పాట తిరిగి రాదు. తలుపు తెరుచుకున్న చప్పుడు.]