తొలకరి చేలో దొరికిన రాయి

శ్రోతలకు నమస్కారం.

జియాలజీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని నేను. జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాయంటే మా ఇంటికి రాళ్లు రావడం మొదలవుతుంది. మాది రాయలసీమ మరి. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల, అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర, వానకు పైమట్టి కొట్టుకుపోయి చేలల్లో రాళ్లు తేలతాయి. జనం సద్దిమూట కట్టుకొచ్చి పొద్దంతా నడుం వంచి వెతుకుతారు. పిచ్చి అని కొట్టిపారేయడానికి లేదు. వజ్రాల్ని భూమి లోతుల్లోంచి పైకి మోసుకొచ్చే కింబర్లైట్ అనే రాయి వజ్రకరూరు దగ్గర నిజంగానే ఉంది. దాని వయసు దాదాపు 110 కోట్ల ఏళ్లు.

ఆమధ్య ఒకాయన వచ్చి, జేబురుమాలు ముడి విప్పి, ఉసిరికాయంత రాయి బల్ల మీద పెట్టాడు. "సార్, ఇది చీకట్లో కూడా మెరుస్తుంది" అన్నాడు. లేచి లైటు తీసేశాను. మెరవలేదు. మామూలుగా వజ్రం కూడా చీకట్లో మెరవదు, ఆయన తప్పేం లేదు.

అసలు చిక్కంతా ఈ మెరుపుతోనే. నగల షాపులో మనం చూసే మెరుపు సానపట్టాక వచ్చింది. చేలో దొరికే ముడి వజ్రం నూనె చేత్తో ముట్టుకున్న గాజుముక్కలా జిడ్డుగా కనిపిస్తుంది. దాన్ని దాటి వెళ్లిపోయి, పక్కనున్న పలుగురాయిని ఏరుకుంటాం. పలుగురాయి పలకలు సరిగ్గా కట్టుకుంటే ఆరు పక్కలుంటాయి, కొస పెన్సిల్ చెక్కినట్టు ఉంటుంది, పక్కల మీద అడ్డంగా సన్నటి గీతలుంటాయి. వజ్రం తీరు వేరు. రెండు పిరమిడ్‌లను అడుగు అడుగు కలిపి అతికించినట్టు ఎనిమిది ముఖాలు, చాలాసార్లు అంచులు అరిగి గుండ్రం తిరిగి ఉంటాయి. పదింతలు చూపే భూతద్దం పెడితే ముఖాల మీద బుల్లి బుల్లి త్రికోణపు గుంటలు కనబడొచ్చు. అవి కనబడితే నేను కుర్చీలో ముందుకు జరుగుతాను.

"అద్దం మీద గీస్తే గీత పడింది సార్" అన్నది ఆయన రెండో సాక్ష్యం. గీత పడుతుంది. 1812లో మోస్ అనే జర్మన్ పండితుడు ఖనిజాలకు గట్టితనంలో 1 నుంచి 10 దాకా మెట్లు వేశాడు. అద్దం అయిదున్నర దగ్గర, పలుగురాయి 7, కెంపు, నీలం 9, వజ్రం 10. అంటే ఊళ్లో ఉన్న ప్రతి పలుగురాయీ అద్దాన్ని గీస్తుంది. ఇంకో మాట, గీసిన చోట తడి వేలితో తుడిచి చూడండి. ఒక్కోసారి అది గీత కాదు, మెత్తటి రాయి అరిగి రాలిన పొడి.

నాకు నమ్మకమైన పరీక్ష తూకం. డిజిటల్ త్రాసు మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టి అంకెను సున్నా చెయ్యండి. రాయిని సన్నటి దారంతో కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. త్రాసు చూపే అంకె, రాయి పక్కకు నెట్టిన నీళ్ల బరువు. రాయి అసలు బరువును దాంతో భాగిస్తే సాంద్రత వస్తుంది, అంతే. ఆయన రాయి 21 గ్రాములు. నీళ్లలో ముంచితే 8 చూపించింది. భాగిస్తే 2.6 పైచిలుకు. పలుగురాయి సాంద్రత 2.65.

తమాషా ఏంటంటే, ఇప్పటి కోహినూర్ 105.6 క్యారెట్లు, అదీ 21 గ్రాముల చిల్లరే. దాన్ని మా గ్లాసులో ముంచితే త్రాసు 6 దగ్గర ఆగుతుంది, ఎందుకంటే వజ్రం సాంద్రత 3.52. బరువు ఒకటే అయినా కోహినూర్ ఆ పలుగురాయి కంటే చిన్నది. అయితే టోపాజ్ అనే పుష్యరాగం కూడా దాదాపు ఇంతే తూగుతుంది, దాని గట్టితనం మాత్రం 8. కాబట్టి 3.5 వచ్చిందని అప్పుడే ఊరంతా చెప్పేయకండి. బఠాణీ గింజంత రాయైతే వంటింటి త్రాసు పనికిరాదు, గ్రాములో నూరో వంతు చూపే చిన్న త్రాసు కావాలి.

ఖమ్మం వైపు నుంచి ఎర్రరాళ్లు తెచ్చేవాళ్లూ ఉన్నారు. అవి ఎక్కువగా గార్నెట్‌లు. పన్నెండు ముఖాల బంతిలా ఉంటే గార్నెట్, ఆరు పక్కల పీపాలా ఉంటే కెంపు జాతి.

ఒక్క పని మాత్రం చేయకండి. నిజం వజ్రమైతే సుత్తిదెబ్బకు పగలదని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. గట్టితనం అంటే గీతకు లొంగకపోవడం, దెబ్బకు కాదు. వజ్రానికి నాలుగు దిక్కుల్లో చీలే గుణముంది, సరైన చోట తగిలితే చక్కగా రెండు ముక్కలవుతుంది.

ఇది చెప్పగానే మనవాడి ముఖం పాలిపోయింది. రెండో జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. లోపల లేత ఆకుపచ్చ ముక్కలు మూడు. "నిన్న మా బావమరిది సుత్తితో కొట్టాడు సార్..." మాట పెగల్లేదు. ముక్కల్ని దీపం కిందకు తెచ్చాను. విరిగిన చోట శంఖపు చిప్ప మీద ఉన్నట్టు వంపు గీతలు. భూతద్దంలో చూస్తే లోపల గుండ్రటి గాలిబుడగలు రెండు. గాజు. బహుశా గోళీసోడా సీసాది.

వజ్రం కానందుకు అంత హాయిగా ఊపిరి పీల్చుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.