బోరు మోటారును డైరెక్ట్ చేయించకండి

అందరికీ నమస్కారం.

ఎండాకాలం నీటిమట్టం పడిపోగానే మన ఇళ్లలో బోరు పని మొదలవుతుంది. మోటారును ఇంకా కిందికి దించుతారు, కేబుల్ చాలకపోతే అతుకు వేస్తారు. ఆ అతుకు నీళ్లలో మునిగి ఉంటుంది. కేబుల్ కేసింగ్ అంచుకి రాసుకుని తొడుగు చిరుగుతుంది. అక్కడి నుంచి కరెంటు నీళ్లలోకి లీకవుతుంది, లీకేజీని పసిగట్టి సప్లై కట్ చేసే స్విచ్ ఆర్‌సీసీబీ పడిపోతుంది. మన వాడుకలో ఈఎల్‌సీబీ అనేది కూడా దీన్నే. రెండుసార్లు పడేసరికి విసుగొచ్చి, "ఇది ఊరికే పడుతోంది, డైరెక్ట్ చేసెయ్ తమ్ముడూ" అని, అంటే ఆర్‌సీసీబీని తప్పించి వైరు నేరుగా కలిపెయ్యమని, మెకానిక్‌కి చెప్పేది మనమే. ఈ ఒక్క మాట అనకండని అడగడానికే వచ్చాను.

"ఎంసీబీ ఉంది కదండీ" అంటారు. ఎంసీబీ ఉన్నది వైరు కాలిపోకుండా చూడటానికి. 16 ఆంపియర్ల ఎంసీబీకి అంతకన్నా తక్కువ కరెంటు పట్టదు. మనిషికి మాత్రం ఆంపియరులో వందో వంతు, అంటే 10 మిల్లీ ఆంపియర్ల దగ్గరే పట్టుకున్న చెయ్యి వదలడం కష్టమవుతుంది. 30 దాటి కాసేపు సాగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఆర్‌సీసీబీ ఫేజులో వెళ్లిన కరెంటునీ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటునీ పోల్చి చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల రకమైతే, తేడా అంతకు చేరాక 0.3 సెకన్లలోపే సప్లై కట్ చేస్తుంది.

"మాకు ఎర్తింగ్ ఉంది" అనే వాళ్లు ఈ లెక్క చూడండి. ఎండిపోయిన ఎర్త్ గుంత నిరోధం 25 ఓములు అనుకుందాం. స్టార్టర్ డబ్బాకి ఫేజు తగిలితే 230ని 25తో భాగించండి, సుమారు 9 ఆంపియర్లు. ఎంసీబీ పడదు. డబ్బాలో కరెంటు అలాగే ఉంటుంది, తడి చేత్తో స్విచ్ వేయడానికి వచ్చిన మనిషి దాన్ని ముట్టుకుంటాడు. అదే ఆర్‌సీసీబీ ఉంటే వెంటనే పడిపోతుంది. అలాగని ఎర్తింగ్ వద్దనుకోకండి. అది లేకపోతే లీకైన కరెంటుకి దారి ఉండదు, ఎవరో ఒకరు ముట్టుకునేదాకా ఆర్‌సీసీబీకి తేడా తెలియదు. గుంతలో నీళ్లు పోస్తూ ఉండండి.

ఇంకో పొరపాటు చాలాచోట్ల కనిపిస్తుంది. సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారుకి కెపాసిటర్ పైన ప్యానెల్‌లో ఉంటే, కిందికి వెళ్లే మూడు వైర్ల ఫ్లాట్ కేబుల్‌లో ఒకటి స్టార్టింగ్, ఒకటి రన్నింగ్, ఒకటి కామన్. మూడోది ఎర్త్ అనుకుంటారు, కాదు. ప్యానెల్ డబ్బాకీ, ఇనప పైపు దించి ఉంటే ఆ పైపుకీ విడిగా ఎర్త్ వైరు వేయించాలి. న్యూట్రల్ పోయినప్పుడు ఎర్త్ వైరుని న్యూట్రల్‌గా వాడి మోటారు నడిపించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఎర్త్ ఎక్కడైనా ఊడితే దానికి కలిపిన ప్రతి డబ్బాలోకీ కరెంటు వస్తుంది.

మరి ఆర్‌సీసీబీ పడుతుంటే ఏం చేయాలి? మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌తో స్టార్టర్ దగ్గర మోటారు కేబుల్ విప్పించి చూడండి. అప్పుడు నిలబడితే లోపం బోరులో ఉంది, అప్పటికీ పడుతుంటే ప్యానెల్‌లోనో ఇంటి వైరింగ్‌లోనో ఉంది. కేబుల్‌ని 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరుతో) కొలిపించండి. కనీసం 1 మెగా ఓమ్ కూడా రాకపోతే మోటారు పైకి తీయాల్సిందే. ఖర్చవుతుంది, నిజమే. నీళ్లు లేక ఇల్లంతా ఇబ్బంది పడుతుందన్నదీ నిజమే. అయినా ఆ రెండు రోజులు ట్యాంకర్ తెప్పించుకోండి.

మోటారుకి విడిగా ఒక ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే, అది పడినప్పుడు ఇల్లంతా చీకటి కాదు, డైరెక్ట్ చేయించాలన్న తొందరా ఉండదు. ఇంట్లో వాడే 1 లేదా ఒకటిన్నర హెచ్‌పీ మోటారుకి 25 ఆంపియర్లు మోయగల, 30 మిల్లీ ఆంపియర్ల తేడాకి పడే, రెండు పోల్స్ (ఫేజు, న్యూట్రల్ రెండూ కట్ చేసే) రకం సరిపోతుంది. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి, పడకపోతే మార్చేయండి. ఆ బటన్ ఎర్తింగ్ బాగుందో లేదో చెప్పదు, దాన్ని వేరే కొలిపించాలి.

ఒక్క చోట మాత్రం ఈ పరికరం ఏమీ చేయలేదు. మోటారు పైకి తీసేటప్పుడు పొడవాటి ఇనప పైపు నిలువుగా లేస్తుంది, పైన 11 కేవీ (11 వేల వోల్టుల) లైను ఉంటే తగులుతుంది. మీ ఇంటి మెయిన్ ఆపినా ఆ లైనులో కరెంటు ఉంటుంది. బోరు దగ్గరలో తీగలుంటే, పైపు కదిపే ముందే కరెంటు వాళ్ల నంబరు 1912కి ఫోన్ చేసి లైన్ ఆపించండి. ఆపామని వాళ్లు చెప్పేదాకా కూలీలను పైపు ముట్టుకోనివ్వకండి.