పగిలితేనే పనిచేసే గుళికలు

నేను: నమస్కారం. ఈసారి మైకును తాళ్లరేవు దగ్గర కాలువ గట్టున, బోర్లించిన ఫైబర్ పడవ నీడలో పెట్టాం. పక్కనే ఒకాయన పడవ అడుగున పగులును గీకి, గ్లాస్ మ్యాట్ పరిచి, ఆరాక గట్టిపడే రెజిన్ పూస్తున్నారు. పాలిమర్ ల్యాబులో పనిచేసే మా పిన్ని ఆయన చేతుల వంకే చూస్తోంది.

పిన్ని: కంటికి కనిపించిన పగులుకే ఆయన మందు వేయగలరురా. పొరల మధ్య వెంట్రుక కన్నా సన్నగా మొదలైన దాని దగ్గరికి చెయ్యి వెళ్లదు. అందుకే మందును ముందే లోపల దాచాలి.

నేను: గుళికల్లో.

పిన్ని: అవును. 2001లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో స్కాట్ వైట్ బృందం చేసి చూపించింది. ఎపాక్సీ అనే రెజిన్‌లో డైసైక్లోపెంటాడయీన్ అనే ద్రవం నింపిన గుళికలు, విడిగా ఆ ద్రవాన్ని గట్టిపరిచే గ్రబ్స్ ఉత్ప్రేరకం కలిపారు. పగులు వచ్చి గుళికను చీలిస్తే ద్రవం ఆ సందులోకి పాకుతుంది, ఉత్ప్రేరకం తగిలి గట్టిపడుతుంది. పగులును తట్టుకునే శక్తి 75 శాతం దాకా తిరిగి వచ్చింది.

నేను: వాటిని చేయడం ఎలా?

పిన్ని: మజ్జిగ చిలకడమే అనుకో. నీళ్లలో యూరియా, కాస్త రిసార్సినాల్, అమోనియం క్లోరైడ్, బొట్లు ఒకదానికొకటి అంటుకోకుండా ఒక పాలిమర్. పులుపు పీహెచ్ 3.5 దగ్గర ఉండాలి. అందులో ఆ మందు ద్రవం పోసి చిలుకుతూ, ఫార్మాల్డిహైడ్ కలిపి, 55 డిగ్రీల దగ్గర 4 గంటలు ఉంచుతాం. బొట్టు చుట్టూ పెంకు కడుతుంది. కవ్వం ఎంత జోరుగా తిరిగితే గుళిక అంత చిన్నది. నా మొదటి విడతలో మధ్యలో కరెంటు పోయింది. చూసేసరికి బీకరులో జున్నుగడ్డ!

నేను: పెంకు మందమెంత?

పిన్ని: మైక్రాన్‌లో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులో, అయిదో వంతు. దాని ముందు ఆత్రేయపురం పూతరేకు తాటిదూలమే. లోపల నున్నగా, బయట గరుకుగా ఉంటుంది. ఆ గరుకే రెజిన్‌ను పట్టుకుంటుంది. పట్టు లేకపోతే పగులు గుళికను తప్పించుకుని పక్కనుంచి పోతుంది.

నేను: అంత పల్చనిది తయారీలోనే చితికిపోదా?

పిన్ని: అదే అసలు చిక్కు. బుడగలు పోవడానికి ఆయన రోలర్‌తో ఎలా నొక్కుతున్నారో చూడు. దానికి పగలకూడదు, పగులు వచ్చినప్పుడు మాత్రం పగలాలి. పైగా ఆ ఉత్ప్రేరకంలో రుథీనియం అనే ఖరీదైన లోహం ఉంది. పడవకు వాడితే పడవ కన్నా మందే ఖరీదవుతుంది.

పడవాయన: అమ్మా, అదే చోట రెండోసారి పగిలితే?

పిన్ని: అక్కడి గుళికలు అప్పటికే ఖాళీ అండీ. మళ్లీ మీ రోలరే.